లెక్కల్లో లేని మనుషులు: అరబ్ దేశాల్లో డోమ్ జిప్సీల స్థితి, గుర్తింపు

ఇరాక్ మొదలు ఈజిప్ట్ దాకా దాదాపు ప్రతి అరబ్ దేశంలోనూ జిప్సీలు ఉన్నారు. అయినా సర్కారు లెక్కల్లో వాళ్లకంటూ ఒక గడి ఎంత వెతికినా దొరకదు. ఈజిప్ట్ గుర్తింపు కార్డు మీద మతం రాస్తారు, జాతి రాయరు. లెబనాన్‌లో పౌరులను 18 మత శాఖల కింద నమోదు చేస్తారు. జిప్సీ కుటుంబం అందులో సున్నీగానో షియాగానో కలిసిపోతుంది. పైగా అక్కడ చివరి అధికారిక జనగణన జరిగింది 1932లో. ఇరాక్ పార్లమెంటులో క్రైస్తవులకు 5 సీట్లు, యజీదీలు, షబక్‌లు, సాబియన్ మాందాయీలు, ఫైలీ కుర్దులు అనే చిన్న మైనారిటీలకు ఒక్కొక్కటి కేటాయించారు. అక్కడి జిప్సీలైన కావ్లియాలకు ఒక్కటీ లేదు. అందుకే అరబ్ దేశాల్లో జిప్సీలు ఎంతమంది అంటే ఎవరు ఏ అంకె చెప్పినా అది అంచనాయే. ఒకే దేశానికి ఒకచోట కొన్ని వేలని, మరోచోట లక్షలని కనబడటానికి కారణం ఇదే.

యూరప్ జిప్సీల చరిత్ర చదివినవాళ్లు అదే లెక్కన ఇటు చూస్తే పొరబడతారు. రుమేనియా ప్రాంతంలో రోమాలు 1856 దాకా చట్టం ప్రకారమే బానిసలు. నాజీలు వాళ్లను జాతి పేరుతో ఏరి ఏరి చంపారు. అక్కడ రాజ్యం పేరు పెట్టి మరీ వేధించింది. అరబ్ ప్రాంతంలో జిప్సీ అన్న మాట చట్టాల్లో అరుదు. ఇక్కడ వాళ్లను అడుగున ఉంచుతున్నవి వంశం పట్టింపు, పెళ్లి సంబంధాల దగ్గర గీసిన గీత, ఆ పైన కాగితాలు. పేరు పెట్టి కొట్టే చట్టం లేదు కాబట్టి పేరు దాచుకుని బతికే దారి ఒకటి తెరిచి ఉంటుంది. చదువో డబ్బో వచ్చినవాళ్లు ఆ దారిన వెళ్లిపోతారు. మిగిలినవాళ్లు, అంటే సిగ్నళ్ల దగ్గర చేయి చాపేవాళ్లు, ఊరి బయట గుడారాల్లో ఉండేవాళ్లు మాత్రమే ‘జిప్సీలు’గా కనబడతారు. ఈ జనాల గురించి అరబ్ సమాజంలో ఉన్న చెడ్డపేరు ఎంతకీ చెదరకపోవడానికి ఇదే అసలు కారణమని మా అంచనా.

పేర్లు చాలా, ఒకరి పేరు ఇంకొకరిది కాదు

వాళ్లు తమలో తాము చెప్పుకునే పేరు డోమ్. బయటివాళ్లు పెట్టిన పేర్లు ప్రాంతానికొకటి. లెబనాన్, పాలస్తీనా, జోర్డాన్, సిరియాలలో నవర్ అంటారు. సిరియా ఉత్తరాన, అలెప్పో వైపు కుర్బాత్ అన్న పేరు ఎక్కువ. ఇరాక్‌లో కావ్లియా. ఈజిప్ట్‌లో గజర్, నవర్, హలబ్ అని వేర్వేరు గుంపులకు వేర్వేరు పేర్లు. అక్కడే ఆటపాటలతో బతికే స్త్రీలను గవాజీలు అంటారు. అల్జీరియాలో బనీ అదస్ అనేవాళ్లున్నారు. పుస్తకాల్లో, వార్తల్లో మర్యాదగా రాయాలనుకుంటే అరబ్బీలో గజర్ అని రాస్తారు. నవర్ మాత్రం షామ్ (సిరియా, లెబనాన్, జోర్డాన్, పాలస్తీనా) ప్రాంతపు వాడుక భాషలో నేరుగా తిట్టు. సిగ్గూ శరం లేనివాడు, కేకలేసి పరువు తీసేవాడు అనే అర్థంలో జిప్సీలతో ఏ సంబంధమూ లేని ఇద్దరు బేరూత్ వీధిలో తగువులాడుకుంటూ కూడా ఆ మాట విసురుకుంటారు. డోమ్ పిల్లవాడు బడిలో మొదట వినేది కూడా తరచూ ఇదే మాట.

బయటినుంచి రాసేవాళ్లు తరచూ చేసే పొరబాట్లు కొన్ని ఉన్నాయి. సంచారం చేసే ప్రతి జాతీ డోమ్ కాదు. అరేబియా ఎడారిలో వేటాడుతూ, ఎడారి సంచార అరబ్బులైన బెదూయిన్లకు లోహపు పని చేసిపెడుతూ బతికిన సులుబ్బాలు వేరు. యెమెన్‌లో ఊడ్చే పనికి కట్టుబడిన ముహమ్మషీన్లు వేరు. ఒకప్పుడు వాళ్లను అఖ్దామ్ అనేవారు. వీళ్లందరి మీదా పడే చిన్నచూపు ఒకే రకంగా ఉండొచ్చు, మూలాలు ఒకటి కావు. సిరియా, లెబనాన్ సరిహద్దులో గోలాన్ కొండల అంచున గజర్ అని ఒక ఊరుంది. అక్కడ ఉండేది అలవీ శాఖ ముస్లింలు, జిప్సీలు కారు. ఇక ‘అరబ్ రోమాలు’ అనడం కూడా సరికాదు. రోమా అనేది యూరప్ వైపు వెళ్లిన శాఖ. రోమాల భాష రొమానీ, డోమ్‌ల భాష డొమారీ రెండూ భారతదేశం నుంచి వెళ్లిన ఆర్యభాషలే. అయితే ఒకటి రెండోదానికి మాండలికం కాదు, రెండూ వేర్వేరు దారుల్లో ఎదిగాయి.

ఎప్పుడు వెళ్లారు అన్నదానికి ఒక్క తేదీ చెప్పలేం. పదో శతాబ్దంలో చరిత్రకారుడు హంజా అల్ ఇస్ఫహానీ, ఆ తర్వాత 1010 ప్రాంతంలో పర్షియన్ కవి ఫిర్దౌసీ ఒక కథ రాశారు. పర్షియా రాజు బహ్రామ్ గూర్ తన ప్రజల వినోదం కోసం భారతదేశం నుంచి వేల మంది పాటగాళ్లను రప్పించుకున్నాడని ఆ కథ. ఒకరు 12 వేలన్నారు, ఇంకొకరు 10 వేలన్నారు. దీన్ని చరిత్రగా కాక కథగానే చదవాలి. గట్టి ఆధారం ఉన్నది జుత్‌ల విషయంలో. సింధు ప్రాంతపు జాట్‌లను అరబ్బులు జుత్ అన్నారు. దక్షిణ ఇరాక్ చిత్తడి నేలల్లో స్థిరపడిన ఈ జనం అబ్బాసిద్ ఖలీఫాల మీద తిరగబడి బస్రా దారులు మూసేశారు. 834లో ఖలీఫా ముఅతసిమ్ సేనాని ఉజైఫ్ వాళ్లను లొంగదీసుకున్నాడు. ఆడామగా పిల్లలతో కలిపి 27 వేల మందిని పడవల్లో బాగ్దాద్ మీదుగా తరలించి, చివరకు బైజాంటియన్ సరిహద్దులోని ఐన్ జర్బాకు పంపారని చరిత్రకారుడు తబరీ రాశాడు. వీళ్లే నేటి డోమ్‌ల పూర్వీకులని తేల్చడానికి ఆధారాలు చాలవు. పాలస్తీనా జిప్సీలకు జుత్ అన్న పేరు ఇరవయ్యో శతాబ్దం దాకా నిలిచిందన్నది మాత్రం నిజం.

తెలుగువాళ్లకు ఇక్కడ ఒక నిజమైన లింకు ఉంది. డోమ్ అన్న పేరును పండితులు సంస్కృతంలోని డోంబ శబ్దంతో కలుపుతారు. పాటలు, గారడీ, వెదురు పని, శ్మశానం పని చేసే కులాలకు ఉత్తర భారతంలో వాడిన పేరది. గడకర్ర మీద, తాడు మీద విన్యాసాలు చేసే మన దొమ్మరుల పేరు కూడా ఆ కోవలోదే. పేరు కలిసినంత మాత్రాన రక్తసంబంధం ఉందనుకోకూడదు. వేల మైళ్ల దూరంలో, వేర్వేరు కాలాల్లో, ఒకే రకం పనికి, ఒకే రకం చిన్నచూపుకు ఆ పేరు అతుక్కుంది, అంతవరకే చెప్పగలం. ‘యూరప్ జిప్సీలు మన లంబాడీలే’ అంటూ సోషల్ మీడియాలో తిరిగే మాటకు భాషాశాస్త్రంలో అంత పునాది లేదు.

మన దగ్గరి అనుభవం ఇంకొక విషయంలో పనికొస్తుంది. దొమ్మరులను బ్రిటిష్ వాళ్లు నేరస్థ జాతుల చట్టం కింద పేరు పెట్టి వెంటాడారు. 1952లో ఆ చట్టం రద్దయింది. నేడు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ దొమ్మరులు బీసీ-ఎ జాబితాలో ఉన్నారు. ఊరూ అడ్రసూ సరిగా లేక సర్టిఫికెట్ కోసం ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరిగే బాధ వేరే ఉంది. అయినా అడగడానికంటూ ఒక జాబితా ఉంది, అందులో పేరుంది. అరబ్ దేశాల్లో డోమ్‌లకు ఆ జాబితా కూడా లేదు. చెడ్డపేరు నెత్తిన ఉంటుంది, దాని బదులుగా అడిగే హక్కు మాత్రం ఉండదు.

వంశం లేనివాడు

అరబ్ సమాజంలో మనిషి విలువను తూచే మొదటి మాట నసబ్, అంటే వంశం. ఏ తెగ, ఆ తెగలో ఏ శాఖ, ఎవరి కొడుకు అన్న వరస చెప్పగలగాలి. ఆ వరస చెప్పలేనివాడికి, లేదా చెప్పినా ఎదుటివాడు ఒప్పుకోనివాడికి పరువు సగమే. దానికి తోడు కమ్మరం, కంసాలి పని, పచ్చబొట్టు పొడవడం, డబ్బులకు పాడటం లాంటి చేతివృత్తులు అసలైన తెగవాళ్లు చేయదగినవి కావని బెదూయిన్ల పాత పట్టింపు. జిప్సీలకు రెండు లోటులూ ఉన్నాయి. చెప్పుకోను అరబ్ వంశం లేదు, చేసేవి ఆ పనులే.

దీనికి డోమ్‌లు ఇచ్చుకున్న జవాబు ఒక కథ. ఇస్లాంకు ముందు జరిగిందని చెప్పే బసూస్ యుద్ధంలో, ఒక ఆడ ఒంటెను చంపారన్న గొడవ ముదిరి జస్సాస్ ఇబ్న్ ముర్రా అనేవాడు తగ్లిబ్ తెగ నాయకుడు కులైబ్‌ను చంపాడు. కులైబ్ తమ్ముడు జీర్ సాలిమ్ ఏళ్ల తరబడి పగ తీర్చుకున్నాడు. ఇక్కడిదాకా అరబ్బులందరికీ తెలిసిన కథే. డోమ్‌లు దానికి ఒక కొసరు చేర్చారు: గెలిచిన జీర్ సాలిమ్ జస్సాస్ సంతతిని ‘మీరు ఎక్కడా స్థిరపడకూడదు, గుర్రం ఎక్కకూడదు, గాడిదల మీదే తిరగాలి, ఆడుతూ పాడుతూ అడుక్కుని బతకాలి’ అని శపించాడు, ఆ సంతతే తాము. జోర్డాన్‌లో జిప్సీలను బనీ ముర్రా అనడం ఇందుకే.

ఈ కథ చాలా తెలివైనది. మేమూ అసలైన అరబ్బులమేనని ఒక పక్క చెబుతుంది. మరి ఇంత కిందకి ఎలా పడ్డారు అన్న ప్రశ్నకు మరో పక్క జవాబిస్తుంది. భారతదేశం నుంచి వచ్చాం అని చెప్పుకుంటే పరాయివాళ్లవుతారు. జస్సాస్ సంతతి అంటే ఓడిపోయిన బంధువులవుతారు. అందుకే భాషావేత్తలు వచ్చి ‘మీ మూలం ఇండియా’ అని చెప్పినప్పుడు అందరూ సంబరపడరు. యూరప్‌లో రోమా ఉద్యమాలు భారతీయ మూలాన్ని జెండాలోని చక్రంగా పెట్టుకున్నాయి. 1971లో లండన్ దగ్గర జరిగిన తొలి ప్రపంచ రోమా మహాసభ ఆ జెండాను ఆమోదించింది. అరబ్ దేశాల్లో అదే మాట కాందిశీకుడన్న ముద్రకు దారి తీయొచ్చన్న భయం ఉంటుంది. కొందరు చదువుకున్న డోమ్‌లు మాత్రం ఇప్పుడు ఆ మూలాన్ని గర్వంగానే చెబుతున్నారు.

గీత ఎక్కడుందో కచ్చితంగా తెలిసేది పెళ్లి దగ్గర. ఇస్లాం ధర్మశాస్త్రంలో కఫాఆ అని ఒక నియమం ఉంది. వరుడు వధువుకు సరిజోడు అయి ఉండాలి. సున్నీ న్యాయశాఖల్లో ఒకటైన హనఫీ పండితులు ఈ సరిజోడును వంశం, వృత్తితో కూడా కొలిచారు. నేతగాడు, కొమ్ములు పెట్టి రక్తం తీసేవాడు, తోళ్లు ఊనేవాడు, ఊడ్చేవాడు బట్టల వర్తకుడి కూతురికి సాటి కారని వాళ్ల గ్రంథాల్లో ఉంది. జోడు కుదరలేదని ఆడపిల్ల సంరక్షకుడు ఖాజీ దగ్గరికి వెళ్లి పెళ్లి రద్దు చేయమని అడగొచ్చు. నేటి చట్టాలు చాలావరకు మారాయి. జోర్డాన్ కుటుంబ చట్టం సరిజోడును మతనిష్ఠ, ఆర్థిక స్తోమతల వరకే చూస్తుంది. అయినా కట్టుబాటు చట్టాన్ని బట్టి నడవదు. డోమ్‌లు కూడా ఎక్కువగా సున్నీ ముస్లింలే. ఇరాక్‌లో షియాలూ ఉన్నారు. అదే మసీదులో పక్కపక్కన నమాజు చేస్తారు, సంబంధం కలుపుకోవడానికి మాత్రం ఎవరూ రారు. అందుకే వాళ్లలో పిన్ని పిల్లల మధ్య, బాబాయి పిల్లల మధ్య పెళ్లిళ్లే ఎక్కువ.

పని పోయింది, ముద్ర మిగిలింది

ఒకప్పుడు డోమ్‌లు లేకపోతే పల్లెల్లో పని జరిగేది కాదు. ఇది అరబ్ పాఠకులకు కూడా గుర్తు చేయాల్సిన సంగతి. రాగి పాత్రలకు కళాయి వేయడమే తీసుకుందాం. రాగి మీద కళాయి అరిగిపోతే పుల్లటి వంటలు చిలుమెక్కి విషమవుతాయి. కళాయి వేసేవాడు పాత్రలో ఇసుక, బూడిద పోసి, అందులో నిలబడి పాదాలను అటూ ఇటూ తిప్పుతూ రాగి ఎర్రగా తేలేదాకా తోముతాడు. తర్వాత బొగ్గుల మీద కాల్చి, నవాసారం పొడి చల్లి, తగరం ముక్క తాకించి, కరిగిన తగరాన్ని దూది కుచ్చుతో లోపలంతా పూస్తాడు. వేడి తగ్గితే తగరం గడ్డలు కడుతుంది, పెరిగితే నల్లబడుతుంది. నవాసారం పొగ నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. జల్లెడలదీ అదే తీరు. చెక్క బద్దను గుండ్రంగా వంచి, సన్నని తోలు వార్లను తడిపి అల్లితే ఆరాక బిగుసుకుంటాయి. గోధుమ కళ్లాల కాలంలో గుడారాలు ఊరి పక్కకు వచ్చేవి. కూలి ధాన్యంగా ముట్టేది.

అల్యూమినియం, స్టీలు గిన్నెలు, ప్లాస్టిక్ జల్లెడలు, కోత యంత్రాలు వచ్చాక ఈ పనులన్నీ ఒక తరంలో పోయాయి. ఊరికి వాళ్లతో అవసరం తీరిపోయింది. ‘ఊరి బయట గుడారంలో ఉండేవాళ్లు’ అన్న ముద్ర మాత్రం ఉండిపోయింది.

కొన్ని వృత్తులు రూపం మార్చుకున్నాయి. సిరియా, లెబనాన్‌లలో డోమ్ మగవాళ్లు కొందరు ఊరూరా తిరిగే పళ్ల వైద్యులు. లోహపు తొడుగులు వేయడం, కట్టుడు పళ్లు అమర్చడం తండ్రి దగ్గర కొడుకు నేర్చుకునే విద్య. పల్లెలకు, బెదూయిన్ గుడారాలకు దంత వైద్యుడు రాని కాలంలో వాళ్లే దిక్కు. చౌక, బేరమాడొచ్చు, వాయిదాల్లో ఇవ్వొచ్చు. కానీ లైసెన్సు లేదు, పరికరాలను ఆవిరిలో శుద్ధి చేసే ఏర్పాటు లేదు. దానివల్ల హెపటైటిస్ లాంటివి ఒకరి నోటి నుంచి ఇంకొకరికి అంటుకునే ప్రమాదం ఉంది. సిరియా యుద్ధం తర్వాత దేశం దాటినవాళ్లకు ఈ పని చట్టవిరుద్ధమైపోయింది. పనిని పద్ధతిలో పెట్టి, శిక్షణ ఇచ్చి, దంత సహాయకులుగా గుర్తించే ఆలోచన ఏ ప్రభుత్వమూ చేసినట్టు కనబడదు. చేతిలో విద్య ఉన్నవాడిని నేరస్థుడిగా చూడటం కంటే అది ఎంతో మేలు.

ఆటపాటల సంగతి మరింత కష్టమైనది. పెళ్లిలో నాట్యం కావాలి, ఇంటి ఆడపిల్ల నలుగురిలో ఆడకూడదు. అందుకని డబ్బిచ్చి జిప్సీ స్త్రీని పిలుస్తారు. ఈజిప్ట్ పెళ్లిళ్లలో చదివింపులను నుక్తా అంటారు. ఎవరు ఎంత ఇచ్చారో పాటగాడు మైకులో పేరు చదువుతాడు, ఆ పేరు కోసమే పోటీపడి ఇస్తారు. పరువు ఇచ్చినవాడికి, చెడ్డపేరు ఆడినదానికి. 1834లో ఈజిప్ట్ పాలకుడు ముహమ్మద్ అలీ పాషా గవాజీలను కైరో నుంచి వెళ్లగొట్టి ఎస్నా, ఖెనా వైపు ఎగువ ఈజిప్ట్‌కు పంపేశాడు. తర్వాతి కాలంలో గవాజీ నాట్యం లక్సర్ ప్రాంతంలో నిలబడిందంటే దాని వెనుక ఈ బహిష్కరణ కూడా ఉంది.

ఇరాక్‌లో కావ్లియాలు జుట్టు విసురుతూ చేసే నాట్యం, సన్నటి ఖిష్బా డప్పు, రబాబా అనే తీగవాద్యం లేకుండా గ్రామీణ సంగీతం గురించి మాట్లాడలేం. సద్దాం హుస్సేన్ బాథ్ పార్టీ పాలనలో బాగ్దాద్ కమాలియా పేట, దివానియా పక్కన అల్ జుహూర్ ఊరు వాళ్లకు నెలవులు. పాలకుల వేడుకలకు కావలసినవాళ్లు కాబట్టి కొంత రక్షణ ఉండేది. 1993లో సద్దాం మొదలుపెట్టిన ‘విశ్వాస ఉద్యమం’తో క్లబ్బులు, మద్యం దుకాణాలు మూతపడి సంపాదన దెబ్బతింది. 2003లో పాలన కూలాక అసలైన ఉపద్రవం వచ్చింది. 2004లో సాయుధ షియా మిలీషియాలు అల్ జుహూర్ మీద దాడి చేసి ఇళ్లు కూల్చి జనాన్ని తరిమేశాయి. ఊళ్లో బడి కూడా కూలిపోయింది. తిరిగొచ్చిన కుటుంబాల పిల్లలు పక్క ఊరి బడికి వెళితే అక్కడ ఎగతాళి, వెళ్లకపోతే చదువు లేదు. ఇరాకీ యువ కార్యకర్తలు పోరాడగా పోరాడగా 2018లో రేకు గదుల్లో మళ్లీ బడి తెరిచారు. దాడికి, బడికి మధ్య ఒక తరం పిల్లలు అక్షరం లేకుండానే పెద్దవాళ్లయ్యారు.

కాగితం ఎక్కడ తెగుతుంది

కాగితం లేకపోవడం అంటే ఏమిటో లెబనాన్ పద్ధతి చూస్తే తెలుస్తుంది. బిడ్డ పుట్టగానే డాక్టరో మంత్రసానో జనన సమాచారం రాసి ఇవ్వాలి. దాన్ని తీసుకుని పేట పెద్ద అయిన ముఖ్తార్ దగ్గరికి వెళ్లాలి. తల్లిదండ్రుల గుర్తింపు పత్రం, పెళ్లి నమోదు చూసి ఆయన జనన పత్రం రాస్తాడు. దాన్ని నుఫూస్ అనే పౌర నమోదు ఆఫీసులో చేర్చాలి. ఇదంతా ఏడాది లోపు కావాలి. ఏడాది దాటితే ఆఫీసులో పని జరగదు, కోర్టుకు వెళ్లాలి. లాయరు ఫీజు, సాక్షులు, కొన్నిసార్లు డీఎన్ఏ పరీక్ష.

డోమ్ కుటుంబాల్లో ఈ గొలుసు మొదటి లంకె దగ్గరే తెగుతుంది. పెళ్లి ఇంట్లోనే షేక్ చేతుల మీదుగా జరిగిపోతుంది, షరియా కోర్టులో నమోదు చేయించరు. కాన్పు గుడారంలోనో అద్దె గదిలోనో అవుతుంది. అద్దె ఒప్పందం లేదు కాబట్టి ఏ ముఖ్తార్ పరిధిలోకి వస్తారో తేలదు. బడిలో చేర్చేటప్పుడు ఈ లోపం బయటపడుతుంది, అప్పటికి బిడ్డకు ఆరేళ్లు. కోర్టులో ముందు పెళ్లి రుజువు చేసుకోవాలి, ఆ తర్వాతే జననం. ఒక్క బిడ్డ కాగితానికి రెండు కేసులు.

లెబనాన్ పౌరసత్వం 1925 నాటి ఫ్రెంచ్ కాలపు ఉత్తర్వు మీద నడుస్తోంది: తండ్రి లెబనీస్ అయితేనే బిడ్డ లెబనీస్. తల్లి పౌరసత్వం పనికిరాదు. 1994లో 5247 నంబరు ఉత్తర్వుతో భారీ ఎత్తున పౌరసత్వాలు ఇచ్చినప్పుడు డోమ్‌లు చాలామందికి మేలు జరిగింది. ఆ ఉత్తర్వు మీద మారోనైట్ లీగ్ అనే క్రైస్తవ సంస్థ కేసు వేయగా 2003లో స్టేట్ కౌన్సిల్ అనే పరిపాలనా న్యాయస్థానం ఆ ఫైళ్లను పునఃపరిశీలించమంది. 1994లో ఏ కారణంతోనో అందుబాటులో లేక పేరు ఎక్కించుకోని తండ్రి ఉంటే, అతని పిల్లలు, మనవలు ఈ రోజుకీ ఏ దేశ పౌరసత్వమూ లేనివాళ్లు. ఒకే కుటుంబంలో అన్న పౌరుడు, తమ్ముడు కాడు. మూలం ఇక్కడుంది కాబట్టి మందు కూడా ఇక్కడే వేయాలి. ఈజిప్ట్ 2004లో, ఇరాక్ 2006లో చట్టం మార్చి తల్లి ద్వారా కూడా పౌరసత్వం వచ్చేలా చేశాయి. లెబనాన్, జోర్డాన్, సిరియా ఆ పని ఇంకా చేయలేదు.

అలాగని కాగితం ఒక్కటే చాలదు. లెబనాన్‌లో డోమ్‌ల మీద 2011లో జరిగిన అధ్యయనంలో పౌరసత్వం ఉన్నవాళ్లే ఎక్కువని తేలింది. బడి ముఖం చూడనివాళ్లే ఎక్కువని కూడా అందులోనే తేలింది. పేట ఎక్కడో ఊరి అంచున ఉంటుంది. పిల్లల సంపాదన ఇంటికి కావాలి. బడిలో నవర్ అన్న పిలుపు ఉండనే ఉంది. ఇరాక్‌లో ఇంకొక రకం చిక్కు వచ్చింది. బాథ్ కాలంలో పౌరసత్వం అందినా చాలామంది పత్రాల మీద ‘మినహాయింపు’ అన్న మాట రాశారు. ఆ ఒక్క మాటతో ఉద్యోగం, నమోదు అన్నీ ఆగిపోయేవి. కొత్త జాతీయ కార్డులో ఆ మాట తీసేయమని ఏళ్ల తరబడి పోరాడాల్సి వచ్చింది.

సిరియా యుద్ధం డోమ్‌లను రెండుసార్లు కాందిశీకులను చేసింది. టర్కీ, లెబనాన్, జోర్డాన్‌లకు పారిపోయినవాళ్లను తోటి సిరియన్ శరణార్థులే ‘వీళ్లు సిరియన్లు కారు, నవర్’ అన్నారు. శిబిరాల్లో సాటివాళ్ల భయంతో చాలామంది అందులో ఉండక, ఊళ్ల అంచుల్లో గుడారాలు వేసుకున్నారు. శిబిరం బయట ఉంటే నమోదు కష్టం, నమోదు లేకపోతే సాయం అందదు. చివరికి అడుక్కోవడమే మిగిలితే అది కూడా నేరం. జోర్డాన్ శిక్షాస్మృతిలోని 389వ నిబంధన యాచనను శిక్షించదగిన నేరంగా చూస్తుంది. సామాజిక అభివృద్ధి శాఖ బృందాలు అమ్మాన్ వీధుల్లో పట్టుకున్న యాచకుల వార్తలు పత్రికల్లో వచ్చినప్పుడల్లా అందరూ బనీ ముర్రాలే అన్న అభిప్రాయం బలపడుతుంది.

జెరూసలేం పాతబస్తీలో

స్థిరపడిన డోమ్ సమాజం ఎలా ఉంటుందో చూడాలంటే జెరూసలేం పాతబస్తీలో లయన్స్ గేట్ అనే కోట ద్వారం దగ్గరున్న బాబ్ హుత్తా వీధికి వెళ్లాలి. ఇరవయ్యో శతాబ్దం తొలి సగంలో కోట గోడల బయట గుడారాల్లో ఉన్న కుటుంబాలు క్రమంగా లోపల అద్దె గదుల్లోకి మారాయి. మగవాళ్లకు నగరపాలక పారిశుధ్య పనుల్లో జీతం దొరకడంతో సంచారం ఆగింది. వాళ్లకు సొంత ముఖ్తార్ ఉన్నాడు. 1967 అరబ్-ఇజ్రాయెల్ యుద్ధంలో చాలా కుటుంబాలు జోర్డాన్‌కు వెళ్లిపోయాయి. మిగిలినవాళ్లకు ఇజ్రాయెల్ శాశ్వత నివాసి కార్డు ఉంది, పౌరసత్వం లేదు. రికార్డుల్లో వాళ్లు అరబ్బులు. కాబట్టి పాలస్తీనా అరబ్బుకు ఉన్న ప్రతి ఇబ్బందీ వాళ్లకూ ఉంది. 1995 నుంచి అమలైన ‘జీవన కేంద్రం’ నిబంధన ప్రకారం నగరంలోనే ఉంటున్నామని కరెంటు బిల్లులు, బడి కాగితాలతో రుజువు చేసుకోకపోతే ఆ కార్డు కూడా పోతుంది. అదే సమయంలో పాలస్తీనా పొరుగువాళ్లకు వాళ్లు నవర్.

ఇక్కడి డొమారీ భాషను 1914లో పురావస్తు శాస్త్రవేత్త మెకలిస్టర్ నమోదు చేశాడు. తర్వాత యారోన్ మత్రాస్ అనే భాషావేత్త 1990ల నుంచి పరిశోధించి 2012లో పూర్తి వ్యాకరణం ప్రచురించాడు. నీళ్లను పానీ అనడం, పదిని దస్ అనడం వింటే మన చెవికి వెంటనే తెలిసిపోతుంది. అయితే వాక్యాన్ని కలిపే సముచ్చయాలు, ‘కావాలి’, ‘కుదురుతుంది’ లాంటి సహాయక క్రియలు, అయిదు దాటిన అంకెలు చాలావరకు అరబ్బీవే. మత్రాస్ పని చేసే నాటికే ధారాళంగా మాట్లాడేవాళ్లు వయసు మళ్లినవాళ్లు. పిల్లలకు నేర్పకపోవడం తల్లిదండ్రులు తెలిసి చేసిన పని. వీధిలో నోరు తెరిచి డొమారీ మాట్లాడితే తామెవరో తెలిసిపోతుంది. ఇల్లు, వృత్తి, దుస్తులు అన్నీ పొరుగువాళ్లలాగే మారాక మిగిలిన ఆనవాలు అదొక్కటే. అందుకే దాన్నే ముందు వదిలేశారు.

దీనికి ఎదురు నడిచినవాళ్లూ ఉన్నారు. బాబ్ హుత్తాలో పుట్టిన అమూన్ స్లీమ్ 1999లో జెరూసలేం జిప్సీల డొమారీ సొసైటీని స్థాపించి, షుఫాత్‌లో పిల్లలకు ట్యూషన్లు, స్త్రీలకు చేతిపనులు, అక్షరాలు నేర్పే కేంద్రాన్ని నడిపారు. చిన్న కేంద్రమే. కానీ డోమ్ అన్న పేరు బోర్డు మీద రాసుకుని నడిచే సంస్థ ఆ ప్రాంతంలో ఉండటమే పెద్ద మార్పు.

లెక్కపెట్టాలా, వద్దా

దాచుకోవడం వాళ్లకు అలవాటు కాదు, అవసరం. జోర్డాన్‌లో కొన్ని కుటుంబాలు తాము తుర్క్‌మెన్‌లమని చెప్పుకుంటాయి. ఇంకొన్నిచోట్ల బెదూయిన్లమంటారు, పాలస్తీనా శరణార్థులమంటారు. టీచరుగా, డ్రైవరుగా, గాయకుడిగా పేరు తెచ్చుకున్నవాడు ఊరు మారగానే ఇంటిపేరు మార్చుకుంటాడు. కూతురి సంబంధం చెడకూడదు కదా! ఇలాంటివాళ్లను పనిగట్టుకుని బయటపెట్టే హక్కు పరిశోధకులకు గానీ పత్రికలకు గానీ లేదు.

సాయం చేయాలనుకునే సంస్థలు ఇక్కడే తడబడతాయి. ‘మీరు డోమా?’ అని ఫారంలో అడిగితే కాదని రాస్తారు. అడగకపోతే నిధులు ఇచ్చేవాళ్లకు చూపడానికి అంకెలుండవు. డోమ్ పిల్లలకు ప్రత్యేక తరగతి పెడితే బడిలో అది నవర్ తరగతి అయిపోతుంది. కాస్త ఫలితం ఇచ్చేవి పేట మొత్తానికి వర్తించే పనులు: ఫలానా వీధిలో నమోదు కాని పిల్లలందరి కేసులకూ ఉచిత లాయరు, పెళ్లి రుజువును జనన నమోదును ఒకే విచారణలో తేల్చే ఏర్పాటు, ఏడాది గడువును బడి వయసు దాకా పెంచడం, మొదటి రెండు తరగతుల్లో మానేసిన పిల్లల ఇళ్లకు వెళ్లి మాట్లాడే మనిషి. ఆ మనిషి ఆ పేటలోనే పుట్టినవాడైతే తలుపు తెరుస్తారు, బయటివాడైతే ఇంట్లో ఎవరూ లేరంటారు. వీటిలో దేనికీ ఎవరూ తమ జాతి చెప్పుకోనక్కర్లేదు. చెప్పుకుంటామన్నవాళ్ల కోసం ఇరాక్ తన ప్రత్యేక సీట్ల జాబితాలోనూ, మిగతా దేశాలు తమ పాఠ్యపుస్తకాల్లోనూ ఆ పేరుకు చోటివ్వాలి.